మా వంతు గది

గోవా వెళ్ళొచ్చానంటే అందరూ ముందు అడిగేది బీచి గురించి. నాను బీచి చూడలేదు. మా ఊళ్ళో లేదేటి సముద్రం, అంత డబ్బెట్టి ఇంకో సముద్రం చూడ్డానికి? నాను వెళ్ళింది ఒక గది కోసం. ఆ గదీ చూడలేదు. అయినా ఈ ప్రయాణం గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

కంచరపాలెంలో రైలు గేటు పక్కన టిఫిను బండి నాది. ఇడ్లీ, పూరీ, మైసూరు బజ్జీ. పెళ్ళయిన కొత్తలో మొదలెట్టాను. పిల్లలు పెద్దాళ్ళయి ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకుంటన్నారు, బండి మాత్రం అక్కడే ఉంది. తెల్లారకుండానే లెగిసి పొయ్యి ముట్టించాలి. ఇన్నేళ్ళలో పొద్దున్న పూట కూచుని, ఇంకొకళ్ళు వడ్డిస్తే, వేడి టిఫిను తిన్న జ్ఞాపకం లేదు నాకు. అందరూ తినెళ్ళాక గిన్నె అడుగున మిగిలింది నించునే నోట్లో వేసుకుంటాను. దానికి ఏడుపేం లేదు, పని అలాంటిది. కానీ మనిషన్నాక ఆశుంటుంది కదా.

ఆ ఆశ పుట్టించింది రజియా. ఎలాగో చెప్పాలంటే ముందు గేంగు గురించి చెప్పాలి.

మా ఆయన అప్పారావు పోర్టులో ఓడల సరుకు దింపే గేంగులో పనిచేశాడు. నూకరాజు మేస్త్రీ, పాత టౌనులో ఉండే బాషా, ఇంకో ఇద్దరు. రజియా ఈ బాషా పెళ్ళామే. గేంగుకో పద్ధతుంది. కూలి గేంగు పేరు మీద వస్తుంది, లోపల పంచుకుంటారు. ఆఖరి మనిషి చేతిలో కూలి పడేదాకా మేస్త్రీ పోర్టు గేటు దాటి ఇంటికెళ్ళేవాడు కాదు. పని మానేశాక కూడా ఈ అయిదుగురూ ఏడాదికోసారి గోవా వెళ్తారు. అక్కడ నదిలో నిలబెట్టిన కాసినో ఓడ ఒకటి ఉంది, దాని మీద ఓ పూట ఆడొస్తారు. జేబులో ఆటకని పెట్టుకున్నది అయిపోతే లెగిసిపోవాలి, అది మేస్త్రీ రూలు. బాషా అయితే ఆట ముట్టడు, పాపమంటాడు. టికెట్టు కొనుక్కుని, చేపల కూర తిని, గాలి పీల్చుకుని వచ్చేస్తాడు.

ఆ ఓడ వాళ్ళు ఒక కార్డిస్తారు. టికెట్టు కొన్నా, ఆడినా దాని మీద పాయింట్లు పడతాయి. చాలినన్ని పడ్డాయంటే ఒడ్డున ఉన్న వాళ్ళ హోటల్లో ఒక జంటకి గది ఉచితం, పొద్దున్న టిఫినుతో సహా. వేరే వాళ్ళయితే ఎవరి కార్డు వాళ్ళు తీసుకుంటారు. మా వాళ్ళు గేంగు మనుషులాయె. అయిదుగురికీ ఒకటే కార్డు తీసుకున్నారు, మేస్త్రీ పేర. అందరి ఆటా దాని మీదే. ఏడాదికో జంటకి గది, చీటీ పాట లాగ వంతులేసుకుని. కార్డు ఎవరిదని కౌంటర్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కార్డు చూపిస్తే చాలు, గది చీటీ చేతిలో పెట్టేవారు.

రెండో ఏడాది చీటీలో మా పేరే వచ్చింది. అప్పుడే రజియా ఆపరేషనయి ఇంటికొచ్చింది. గాలి మారితే మంచిదని మా ఆయన మా వంతు వాళ్ళకిచ్చేశాడు. ఆ తర్వాత ఇంకొకళ్ళకి, ఇంకొకళ్ళకి. ఈయన చెయ్యెప్పుడూ ఇచ్చే చెయ్యే. ఆ గుణం చూసే చేసుకున్నాను, ఆ గుణానికే రోజూ తిడతాను.

రజియా వెళ్ళొచ్చి నా బండి దగ్గర నించుని చెప్పింది. "ఏటి సెప్పనే వరం. కిటికీ తీత్తే నది. మంచం పక్కకి తెచ్చి టిఫినెట్టాడు. ఎట్టీసి ఎల్లిపోలేదు, అక్కడే నించుని, ఇంకేటైనా కావాలా అమ్మా అని అడిగాడు. నాకు ఏడుపొచ్చీసింది."

నాను ఎన్ని వేల మందిని అడిగుంటానో ఆ మాట. నన్నెవరూ అడగలేదు. ఆ రోజు పూరీలు రెండు మాడిపోయాయి.

రైల్లో

వానాకాలం చివర్లో ఆఖరి వంతు మాదొచ్చింది. మిగతా నలుగురూ ఈసారి రాలేదు, జంటగా వెళ్ళిరండన్నారు. మేస్త్రీ కార్డు తెచ్చి మా ఆయన జేబులో పెట్టి, పైన పిన్నీసు గుచ్చాడు. బండి తాళం రజియాకిచ్చాను. సామాన్లు కాస్త చూస్తుండమని చెప్పాను, అంతే.

నా ఎదర బెర్తులో బళ్ళారి దిగే ఆవిడ కూచుంది. తెలుగే మాట్లాడుతుంది గానీ మాట మాటకీ కన్నడం తగుల్తుంది. మధ్యాన్నం మూట విప్పి జొన్నరొట్టెలు తీసింది. అప్పడాల్లా పల్చగా, కరకరలాడుతూ ఉన్నాయి, నెలయినా పాడవ్వవట. దాని మీదకి వేరుశనగ పొడి, పెరుగు. నాను పులిహోర పెట్టాను. మా వైపు వేరుశనగపప్పంటే చట్నీయే. అది పొడి చేసుకుని డబ్బాలో దాచుకోవచ్చని నాకెప్పుడూ తట్టలేదు.

"ఎక్కడికక్కా ఇద్దరూ?" అంది.

"గోవా."

ఆవిడ మా ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. లుంగీ, మోకాలికి పట్టీ, జేబుకి పిన్నీసు. "ఈ వయసులోనా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. పెళ్ళిచూపుల్లో కూడా అలాగే ఎర్రబడ్డాయి.

గది సంగతంతా ఆవిడకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "బాగా తిని రా అక్కా. దోశ అడుగు, ఇడ్లీ మనింట్లో ఉండేదే కదా" అంది. బళ్ళారిలో దిగేటప్పుడు మిగిలిన పొడి కాయితంలో పొట్లం కట్టి ఇచ్చింది.

దూద్‌సాగర్

కొండల్లోకి వచ్చాక రైలు నడక్కి దిగింది. పెట్టెలో జనమంతా ఒక వైపు కిటికీల మీద పడ్డారు. కొండ మీంచి నీళ్ళు తెల్లగా దిగుతన్నాయి, రైలు వాటి ముందు నుంచే వెళ్తంది, తుంపర మొహం మీద పడింది. అరకు వైపు కొండలు చూసిన కళ్ళే నావి, అయినా కిటికీ వదల్లేకపోయాను. మా ఆయన గురక పెడతన్నాడు. తట్టి లేపాను.

కళ్ళు నులుముకుని చూసి, "పాలు పొంగిపోతన్నాయే, పొయ్యి తగ్గించు" అన్నాడు నిద్రమత్తులో. పెట్టెలో తెలుగొచ్చినోళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళు చాలాసేపు నవ్వారు. నాను నవ్వలేదు. బండి నన్నే కాదు, ఆయన్ని కూడా కలలోకొచ్చి లేపుతుందని అప్పుడే తెలిసింది.

పణజి

ఊరు శుభ్రంగా ఉంది. ఇళ్ళకి పసుపు, నీలం రంగులు, పైన పెంకులు. సైకిలు మీద బుట్ట కట్టుకుని, హారను నొక్కుకుంటూ రొట్టెలమ్ముకునే మనిషి పొద్దుటే వస్తాడు. ఒకటి అయిదు రూపాయలు. గాలి నింపినట్టు ఉబ్బి ఉంటుంది, లోపల డొల్ల. బటాణీ కూరలో ముంచుకు తింటారు, చట్నీ లేదు. చట్నీ లేకుండా పొద్దు ఎలా మొదలవుతుందో నాకర్థం కాలేదు. మధ్యాన్నం వంజరం వేపుడు తిన్నాం. దానికి రవ్వ అద్ది వేయించారు. మా ఊళ్ళో ధరకి రెండింతలు. రుచికి వంక పెట్టలేను, కాకపోతే ఉప్మా చేసుకోవాల్సిన రవ్వ చేపకి పులిమేశారే అని ప్రాణం కొట్టుకుంది.

గది చీటీ ఇచ్చేది ఓడ మీదున్న కార్డుల కౌంటర్లో. పెద్ద సంచులు రేవులో అప్పగించి, చిన్న పడవెక్కి నది మధ్యలో ఉన్న ఓడకి వెళ్ళాం. మా ఆయన చిన్నప్పటి నుంచీ ఓడలు చూసినోడు కదా, ఎక్కుతూనే మోకుల వైపు చూసి, "ఇది కదల్దు. కదలని దాన్ని ఓడెలాగంటారో" అన్నాడు.

దారిలో ఒడ్డున ఆ హోటలు చూపించాడు. తెల్లటి మేడ, వరసగా కిటికీలు. "పైనుంచి రెండో వరసంట" అన్నాడు. నాను ఆ కిటికీలన్నీ చూసుకున్నాను. ఒకదానికి పరదా తీసి ఉంది. అదే మాదని అనుకున్నాను.

ఓడ మీద

లోపల మెత్తటి తివాచీ, చల్లగాలి, మిషన్ల గోల. పట్టపగలే దీపాలన్నీ వెలుగుతన్నాయి. కార్డుల కౌంటరు ముందు మాత్రం మన రేషన్ షాపు ముందు లాగుంది. జనం తోసుకుంటన్నారు.

కొల్హాపూరు నుంచి వచ్చిన బెల్లం వ్యాపారి ఒకాయన బంగారు రంగు కార్డు కౌంటరు మీద కొడతన్నాడు. నిన్నటిదాకా బంగారమట, ఈవేళ్టి నుంచి ఉత్తదట. దాన్ని నిలబెట్టుకోవాలంటే ఇప్పుడు అంతకు మూడింతలు ఆడాలట. ఆయన పక్కన బెల్గాం ముసలావిడ, గోచీ కట్టు చీర, చేతిలో ఊతకర్ర. ఏళ్ళ తరబడి ఒకే మిషను ముందు కూచుని టీ తాగుతూ ఆడుకునేదట. ఇప్పుడు ఆ టీ కూడా తీసేశారు. ఆవిడ అరవలేదు. నా వైపు తిరిగి హిందీలో మెల్లగా చెప్పింది. "ఆటలో పోయిందానికి నాకు కోపం రాదమ్మా. అది ఆట. ఇది వాళ్ళిచ్చిన మాట కదా."

నాకు హిందీ అంతంత మాత్రం. ఆ మాట మాత్రం సూటిగా వచ్చి తగిలింది.

మా వంతొచ్చింది. మా ఆయన పిన్నీసు తీసి కార్డిచ్చాడు. కౌంటర్లో అమ్మాయి కోటేసుకుంది, జుట్టు గట్టిగా ముడేసింది. కార్డు మిషన్లో పెట్టి, మా ఆయన మొహం చూసి, ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"ఏటమ్మా?" అన్నాడీయన.

ఆ పిల్ల మొహం మారిపోయింది. "ఏ ఊరు బాబూ మీది?"

"కంచరపాలెం."

"మాది తగరపువలస" అంది. ఒక్క క్షణం కోటు లోంచి ఇంటి పిల్ల బయటికొచ్చినట్టయింది. పేరు హేమ. మళ్ళీ కార్డు చూసింది. "నూకరాజు గారేరి?"

ఈయన గేంగు పద్ధతంతా చెప్పాడు. దాచడం రాదు కదా మనిషికి. అయిదుగురం ఒకే కార్డు మీద ఆడాం, నలుగురికీ అందింది, ఇది ఆఖరి వంతు అని. ఆ పిల్ల వింటూ వింటూ నీరుగారిపోయింది.

"రూల్సు మారిపోనాయి బాబూ. కార్డు ఎవరిదో ఆలే రావాల, కెమేరాలో మొకం కలవాల. ఒకరి పాయింట్లు ఒకరికి సెల్లవు. పోనీ ఆయనొచ్చినా..." ఆగింది. "ఏడాది దాటిన పాయింట్లన్నీ తీసీసారు. ఇందులో ఏటీ లేవు."

"ఏటీ లేవా?"

"లేవు బాబూ."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరుంది కదా, వాడాను. "మరి ఆడించినప్పుడు కనపడలేదేటి మొకాలు? టికెట్టు డబ్బులు తీసుకున్నప్పుడు అయిదు మొకాలూ బాగానే ఉన్నాయా? మాకు ముందు సెప్పాలని తెలీదేటి మీ ఓడోళ్ళకి?" అని గట్టిగానే అన్నాను. బెల్లం వ్యాపారికి భాష తెలీకపోయినా నా వైపు తిరిగి తలూపాడు.

హేమ కార్డు తీసి మెల్లగా ఈయన ముందు పెట్టింది. "పొద్దున్నుంచి అందరూ నన్నే తిడతన్నారమ్మా. రూలు సేసినోళ్ళు పై అంతస్తులో ఉంటారు, కిందకి రారు. ఇంకా అన్నం తిన్లేదు" అంది.

నా కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. మా బండి దగ్గర గేసు ధర పెరిగి పూరీ మీద రూపాయి పెంచినప్పుడు నన్నూ అలాగే అడిగారు జనం. నా చేతిసంచిలో చేగోడీల డబ్బా ఉంది. తీసి అద్దం కిందనుంచి లోపలికి తోశాను. "తిను తల్లీ. ఇంటివే."

ఆ పిల్ల తల దించుకుని ఒకటి కొరికింది. ఆ తర్వాత మెల్లగా ఒక మాటంది, మేలు చేద్దామనే అంది పాపం. ఈ పూటే కొత్త కార్డు తీసుకుని బాగా పెద్ద ఆట ఆడితే ఈ పూటే గదొస్తుందట.

నాను కాదని తల తిప్పేలోగా మా ఆయన అక్కడ లేడు. ఆటలో డబ్బుకి బదులు పెట్టే బిళ్ళలు కొనే కిటికీ దగ్గర నించున్నాడు. చేతిలో మా ప్రయాణం డబ్బంతా ఉంది, తిరుగు ఖర్చూ, ఇంటద్దె కలిపి. ఇన్నేళ్ళలో మేస్త్రీ గీసిన గీత దాటని మనిషి. వెళ్ళి చొక్కా వెనక పట్టుకున్నాను.

"వొదులే" అన్నాడు. నా వైపు చూడలేదు. "మూడు సార్లు ఇచ్చీసాను నీ వంతు. నిన్నడక్కుండా ఇచ్చీసాను. ఈ ఒక్కసారీ నన్ను ఆడనీ. గది తెత్తాను."

"నాకొద్దు గది."

"నీకు కావాల. నాకు తెల్దేటి? రజియా సెప్పిన్నాటి నుంచీ నువ్వు పొద్దున్న పూట బండి ఎదర బల్ల వైపు ఎలాగ సూత్తన్నావో నాకు తెల్దేటి?"

అంతమందిలో నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. ఈయన చూడ్డం లేదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. "నువ్వు సూసేవు కదా, సాలు" అన్నాను. "ఇది పోతే ఇద్దరం నడిసెల్లాల కంచరపాలెం. నీ మోకాలికి అది అవ్వదు. పద."

ఆ కిటికీ వైపు ఇంకోసారి చూశాడు. ఆ తర్వాత డబ్బు మడిచి నా చేతిలో పెట్టాడు. బెల్గాం ముసలావిడ కర్ర పక్కకి జరిపి మాకు దారిచ్చింది.

అద్దె గది

బస్టాండు వెనక వీధిలో ఒక ముసలావిడ ఇంట్లో చిన్న గది దొరికింది. గౌనేసుకుంటుంది, మెళ్ళో శిలువ. ఆవిడకి నా భాష రాదు, నాకు ఆవిడ భాష రాదు. వేళ్ళతో బేరం కుదిరింది. కిటికీ తీస్తే పక్కింటి గోడ, గోడ మీద పిల్లి.

అలవాటు కదా, తెల్లారకుండానే మెలకువొచ్చింది. చూస్తే మా ఆయన లేడు. కుంటుకుంటూ ఎక్కడికెళ్ళాడోనని గుమ్మంలో నించున్నాను. చివరికి వీధి మలుపులో కనపడ్డాడు. ఒక చేతిలో రొట్టెల పొట్లం, ఇంకో చేతిలో కూర కవరు. నన్ను చూసి, "లోపలికెల్లి కూసో, నాను తెత్తాను" అని చెయ్యూపాడు. ఆ ఊపుడుకే కవరు జారి మెట్ల మీద పగిలింది. బటాణీ కూర మూడు మెట్లు దిగింది. గోడ మీద పిల్లి వచ్చి తీరిగ్గా నాకింది.

ఆయన మొహం చూడలేకపోయాను. "పరవాలేదయ్యా" అని చీపురడిగి తెచ్చి మెట్లు కడిగాను. బళ్ళారి ఆవిడిచ్చిన వేరుశనగ పొడి గుర్తొచ్చింది. రొట్టెలో అద్దుకుని తిన్నాం. నిజం చెప్పాలంటే బాగుంది. అయినా కడిగింది నానే, పెట్టింది నానే.

తిరుగు దారి

మేస్త్రీకి చెప్పొద్దన్నాడు మా ఆయన. ఆయన కుమిలిపోతాడట. సరేనన్నాను. ఈయన స్టేషన్లో నీళ్ళు పట్టడానికి దిగగానే రజియాకి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను. కడుపులో దాచుకునే రకాన్ని కాదు నాను.

రైలు కదిలాక మేస్త్రీ నుంచి ఫోనొచ్చింది. మా ఆయన నా వైపు ఒక చూపు చూసి ఎత్తాడు. మేస్త్రీ గొంతు నాకూ వినపడతంది. "అప్పారావూ, మన గేంగులో ఆఖరోడు ఒట్టి సేతుల్తో ఇంటికెల్లడం ఎప్పుడైనా ఉందేట్రా?" అన్నాడు.

"పోనీలే బావా, ఆల రూలు."

"ఆల రూలు ఆలది" అని పెట్టేశాడు మేస్త్రీ.

దారంతా వాన. మా ఆయన ఖాళీ కార్డుని మళ్ళీ జేబులో పెట్టి పిన్నీసు గుచ్చుకున్నాడు. ఎందుకయ్యా అంటే, మేస్త్రీది కదా, తిరిగిచ్చెయ్యాలి అన్నాడు.

రైలు గేటు పక్కన

పొద్దుట పూట దిగి ఆటో ఎక్కాం. గేటు దగ్గరకొచ్చేసరికి నా బండి మీద పొగ కనపడింది. నాను లేకుండా నా పొయ్యి ఎవరు ముట్టించారు?

పూరీ మూకుడు దగ్గర రజియా, చెంగు నడుముకి బిగించుకుని. మేస్త్రీ పెళ్ళాం పైడమ్మ చట్నీ గిన్నె కలుపుతంది. మిగతా ఇద్దరి పెళ్ళాలూ పిండి వత్తుతన్నారు. బాషా టీ పోస్తన్నాడు. నూకరాజు మేస్త్రీ భుజం మీద తువ్వాలేసుకుని, టబ్బు ముందు గొంతుక్కూచుని ఎంగిలి ప్లేట్లు కడుగుతన్నాడు. రోజూ వచ్చే ఆటో డ్రైవర్లు పూరీలు చతురస్రంగా ఉన్నాయని గొడవ పెడతన్నారు.

సంచి కింద పడేసి మూకుడు దగ్గరకి పరిగెత్తాను. నూనె మాడిపోతంది, మంట తగ్గించాలి. మేస్త్రీ తడి చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ వంతు ఇంకా అవ్వలేదమ్మా. ఎల్లి ఆ బల్ల మీద కూసో."

"మేస్త్రీ, నూనె..."

"కూసో."

కూచున్నాను. నా బండి ఎదర బల్ల మీద నాను కూచోవడం అదే మొదటిసారి. ఆ వైపు నుంచి నా బండి ఎలా ఉంటుందో నాకిన్నాళ్ళూ తెలీదు. పేరు రాసిన రంగు సగం వెలిసిపోయింది. ఆవిరి పైకి లేస్తంటే వెనకాల పట్టాలు ఊగుతన్నట్టు కనపడతాయి. బాగుంది. నా బండి చాలా బాగుంది.

మా ఆయన చేతులు కడుక్కుని బండి వెనక్కెళ్ళాడు. ఇడ్లీ రేకు దింపి నాలుగు తీశాడు, ఒకటి విరిగింది. చట్నీ పోసి, ప్లేటు తెచ్చి నా చేతికిచ్చాడు. వెళ్ళిపోలేదు. అక్కడే నించున్నాడు, ఒంటి మోకాలి మీద బరువేసి. జనమంతా చూస్తన్నారు.

"ఇంకేటైనా కావాలా అమ్మా?" అన్నాడు.

ఓడ మీద వచ్చిన దానికన్నా ఎక్కువొచ్చింది ఏడుపు. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చట్నీలో ఉప్పెక్కువ. ఆ మాట మాత్రం అనలేదు.

"ఇంకో రెండెయ్" అన్నాను.

వేశాడు. నాను తిన్నంతసేపూ ఎవరూ బల్ల మీద నన్ను జరగమనలేదు. నా ప్లేటు ఖాళీ అయ్యాక మేస్త్రీ వచ్చి తీసుకుని, తనే కడిగి బోర్లించాడు. చేతులు తుడుచుకుని, తువ్వాలు దులిపి భుజం మీదేసుకుని, అప్పుడు రైలు గేటు దాటి ఇంటికెళ్ళాడు.